'డాక్టర్లు కావలెను' ప్రకటన గారికి, పై వాటా ఇంటాయన రాయునది

మహారాజశ్రీ 'డాక్టర్లు కావలెను' ప్రకటన గారి సముఖమునకు, ఒడిశా రాయగడ జిల్లాలో ఒకానొక బ్లాకు ఊరి కిరాణా కొట్టువాడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద. కాని క్షేమమో కాదో చూసి చెప్పే మనిషి కోసమే కదా తమరు మాటిమాటికీ పేపర్లోకి వస్తున్నారు. అందుకని ఆ ముక్క ఖాళీగా వదిలేస్తున్నాను. ఖాళీలు తమకి కొత్త కాదు.

గురువారం సంగతి తమదాకా వచ్చిందో లేదో. పిల్లల డాక్టరు వస్తున్నారని కబురొచ్చింది. పదకొండింటికి అన్నారు. కొట్టు కట్టేశాను. పార్వతీపురం నుంచి బస్సులో దండ తెప్పించాను, 250 రూపాయలు. మాస్టారు స్కూలు పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టారు. ఒంటిగంటకి ఇద్దరు కళ్ళు తిరిగి కూర్చుండిపోతే, "ఫర్వాలేదు, డాక్టరు వస్తున్నారుగా" అన్నారు ఎవరో. మూడున్నరకి జీపు వచ్చింది. ముప్పై కూడా నిండని కుర్రాడు దిగాడు. దండ వేశాం, ఫొటో తీశాం, నేరుగా మా పై వాటాకి తీసుకొచ్చేశాను.

ఆ పై వాటా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తమరు పేపర్లో పడ్డప్పుడల్లా ఆసుపత్రివాళ్ళు నా దగ్గరకొచ్చి, "డాక్టరుగారికి మంచి ఇల్లు ఉంచండి, వేరేవాళ్ళకి ఇవ్వకండి" అంటారు. నేను ఉంచుతాను. మొదటాయన వెస్టర్న్ కమోడ్ లేదన్నారు, పెట్టించాను. నాలుగు నెలలున్నారు. రెండో ఆయన గీజరు అడిగారు. బాలింతకి కూడా డేగిసాలో నీళ్ళు కాచే ఊరండీ మాది. అయినా విజయనగరం వెళ్ళి తెచ్చాను. దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్ ముగ్గురు చుట్టాల్ని తీసుకొచ్చి చూపించుకున్నాడు. గీజరు బిగించిన నెలకే ఆయనకి ట్రాన్స్‌ఫరు. మూడో ఆయన కరెంటు పోతే ఎలా అన్నారు, ఇన్వర్టరు కొన్నాను. ఆయన సామాను దించకుండానే వెనక్కి వెళ్ళారు. తమ పుణ్యమా అని ఈ బ్లాకు మొత్తం మీద అన్నిటికన్నా మంచి స్నానాల గది నాది. స్నానం చేసేవాడే లేడు. అక్కడ స్నానం చేస్తానంటే మా ఆవిడ నన్ను కూడా రానివ్వదు, "డాక్టరుగారి గది" అంటుంది. ఇన్నేళ్ళలో ఆ గీజరులో కాగిన నీళ్ళన్నీ కలిపినా ఒక పెళ్ళి భోజనాలకి గిన్నెలు కడగడానికి చాలవు.

గురువారం ఆ కుర్రాడు పైకొచ్చాడు. కొళాయి తిప్పలేదు. గోడలు చూడలేదు. ఒడియాలో అడిగాడు: "ఇక్కడ మత్తు డాక్టరున్నారా? ల్యాబులో ఎవరున్నారు? రాత్రి డ్యూటీకి నాతో ఇంకెవరు?"

నేను గీజరు చూపించాను.

ఏం చెయ్యమంటారు, నా దగ్గర ఉన్నది అదే. తమ దగ్గర ఉన్నదీ దాదాపు అదే. మారుమూల ఆసుపత్రులకి వి0 నుంచి వి4 వరకూ గ్రేడులు కట్టారు, అంకె పెరిగిన కొద్దీ అలవెన్సు పెరుగుతుంది. వెనకబడినందుకు మార్కులొచ్చేది ఈ ఒక్క పరీక్షలోనే. డబ్బు మంచిదే, కాదనను. కాని రాత్రి రెండింటికి ఫిట్స్ వచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చినప్పుడు పక్కన రెండో డాక్టరు నిలబడాలి, అలవెన్సు నిలబడదు.

లెక్క తమకే బాగా తెలుసు. కమ్యూనిటీ హెల్త్ సెంటరు అంటే 30 పడకలు. మా లాంటి కొండ ప్రాంతంలో అయితే 80,000 మందికి ఒకటి. అందులో సర్జను, జనరల్ ఫిజీషియన్, ఆడవాళ్ళ డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ఉండాలని నిబంధన. 2022 లెక్కల్లో దేశం మొత్తం పల్లెల సెంటర్లకి కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. అంటే ఐదు కుర్చీల్లో ఒక దాంట్లోనే మనిషి. ఆ ఒక్కరినీ జత చూసి పంపుతారా అంటే అదీ లేదు. ఆడవాళ్ళ డాక్టరు ఉండి మత్తు డాక్టరు లేకపోతే ఆపరేషన్ ఎలా చేస్తారండీ? అంత చదివిన మనిషి చేత తెల్లవార్లూ "విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళండి" అని చీటీలు రాయిస్తున్నారు. ఆ చీటీ రాయడానికి నేను చాలు.

కొరాపుట్‌లో 2017లో మెడికల్ కాలేజీ పెడితే సంబరపడ్డాం, అక్కడ పొర్లిన డాక్టర్లు ఇటు జారతారని. నీరు పల్లమెరుగు. డాక్టరు భువనేశ్వర్ ఎరుగును.

ఒడియా రావాలన్న షరతు ఒకటి. ఒడిశా ఉద్యోగం కాబట్టి తప్పనను. కాని పార్వతీపురంలో బస్సెక్కితే భోజనం వేళకి మా ఊళ్ళో ఉండే తెలుగు డాక్టరు కుర్రాడు ఆ షరతు దగ్గరే ఆగిపోతాడు. ఒడియా దంచేవాళ్ళు హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో దిగి, అదే బండిలో వెళ్ళిపోతారు. పైగా ఆ బండి భువనేశ్వర్ నుంచి మా దగ్గరకి రావాలన్నా విజయనగరం మీదుగానే రావాలి. మా రాజధానికి మాకూ మధ్య ఆంధ్ర ఉందండీ.

ఒకావిడ మాత్రం ఉండిపోయారు, మూడేళ్ళు. కటక్ మనిషి. వచ్చిన వారం "నీరసం" అన్న మాట దగ్గర ఇరుక్కుపోయారు. "నీరసం అంటే ఎక్కడ నొప్పి?" అని సిస్టరమ్మని అడిగేవారు. ఆర్నెల్లకి తెలుగు వచ్చింది, ఏడాదికి సంతకొచ్చే, కువి భాష మాట్లాడే కొండ ఆడవాళ్ళతో నాలుగు ముక్కలు మాట్లాడగలిగారు. గీజరు ఒక్కరోజు వేసి, నీళ్ళు మరీ వేడి అని మానేశారు. ఎందుకున్నారో తెలుసా? అప్పుడు ఆసుపత్రిలో ఇంకో డాక్టరు, ఒక మంచి ల్యాబు కుర్రాడు ఉన్నారు. సాయంత్రం ముగ్గురూ మా అరుగు మీద టీ తాగుతూ ఆ రోజు కేసుల గురించి పోట్లాడుకునేవారు. ఆ రెండో డాక్టరుకి బదిలీ అయింది. ఆవిడ ఒంటరిగా మరో నాలుగు నెలలు లాగారు, రోజుకి నూరు మందికి పైగా ఓపీ, రాత్రుళ్ళు కాన్పులు. వెళ్ళేరోజున మా అమ్మ ఏడ్చింది. ఆవిడని ఒక్క మాట అనలేదు ఎవరమూ.

ఇక శనివారం సంగతి. ఆ పిల్లల డాక్టరు శుక్రవారం ఉదయం రిజిస్టరులో సంతకం పెట్టి జాయినయ్యాడట. శనివారం అతన్ని పెద్ద ఊరి ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పంపేశారట. జీతం మా ఊరి పేరు మీద, మనిషి అక్కడ. సరే, మళ్ళీ తమరు పేపర్లో పడతారు కదా, ఇంకొకరు వస్తారు కదా అని ఆసుపత్రి గుమాస్తాని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, "ఎలా పడుతుందండీ? పోస్టు నిండిపోయింది" అన్నాడు.

నిండిపోయిందట! ఇన్నాళ్ళూ మాకు డాక్టరు లేకపోయినా ఖాళీ ఉండేది. ఖాళీ ఉందని అర్జీ పెట్టేవాళ్ళం, రాస్తారోకో చేసేవాళ్ళం, ఎలక్షన్లలో అడిగేవాళ్ళం. ఇప్పుడు ఆ ఖాళీని కూడా పట్టుకుపోయారు. బిడ్డ జ్వరంతో కాలిపోతుంటే 'ఇక్కడ పిల్లల డాక్టరు ఉన్నారు' అన్న కాగితం నుదుటి మీద వేసి తుడవాలా? మర్యాదగా రాద్దామనే మొదలుపెట్టానండీ. సిగ్గు లేదా మీకు?

దండ వృథా చెయ్యలేదు. రాయగడ తీసుకెళ్ళి మజ్జిగౌరమ్మకి వేసి వచ్చాను. ఆ తల్లికి డిప్యుటేషన్ లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. సుగరు మనిషి, కాలి పుండు మానడం లేదు. పిల్లల డాక్టరైనా ఒకసారి చూస్తాడని ఆశ.

"డాక్టరు బాబు వచ్చాడటగా?"

"వచ్చాడమ్మా."

"ఉన్నాడా?"

ఇట్లు,
పై వాటా ఇంటాయన

తా.క.: తాళంచెవి కొట్లో పంచదార డబ్బా వెనక మేకుకి వేలాడుతోంది. ఈసారి ఇద్దర్ని కలిపి పంపితే అద్దె వద్దు. గీజరు పీకి పక్కన పెట్టి ఇంకో మంచం వేస్తాను.