హెలికాప్టర్ రాలేని రాత్రికి ప్లాన్ ఏది?

2020 జూన్ 16న సైన్యం ఇచ్చిన ప్రకటనలో ఒక వాక్యం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో తీవ్రంగా గాయపడి, అంత ఎత్తులో గడ్డకట్టే చలిలో ఉండిపోయిన 17 మంది ప్రాణాలు విడిచారని, మృతులు 20కి చేరారని అందులో ఉంది. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు కోసం మనమంతా కన్నీళ్లు పెట్టుకున్నాం. దెబ్బ తగిలాక ఆ 17 మందికి వైద్యం అందడానికి ఎంతసేపు పట్టిందని మాత్రం గట్టిగా అడగలేదు.

గాయపడ్డ జవాన్ల తరలింపు అనగానే మనకు గుర్తొచ్చేది హెలికాప్టరే. కార్గిల్‌లో చీతా హెలికాప్టర్లు ఎందరినో బతికించాయి. సియాచిన్‌లో ఇప్పటికీ రోటర్ తిరుగుతుండగానే స్ట్రెచర్ ఎక్కిస్తారు. ఆ చలిలో ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందన్న గ్యారంటీ లేదు. ఉన్నది ఒక్కటే ఇంజిన్, గాలేమో పల్చన. ఇంధనం తగ్గించుకుంటే తప్ప మనిషిని మోయలేదు. ఆ పైలట్లకు చేతులెత్తి మొక్కాలి. అలాగని భారమంతా వాళ్ల తెగువ మీదే వేసి కూర్చోలేం.

ఉక్రెయిన్‌ను చూడండి. డ్రోన్ల భయంతో ముందువరుస దగ్గరికి హెలికాప్టర్ వెళ్లలేకపోతోంది. రక్తం ఆగడానికి తొడకు టోర్నికెట్ అనే పట్టీ బిగించి, కట్టిన టైమ్ రాస్తారు. రెండు గంటలు దాటితే కాలికే ముప్పు. అక్కడ చాలామందికి ఆ కట్టు గంటల తరబడి అలాగే ఉండిపోతోంది. బండి దొరికి వెనక్కి చేరినవాళ్లను రైళ్లలో, ఆపైన పోలండ్‌లోని జెషూఫ్ నుంచి విమానాల్లో యూరప్ ఆస్పత్రులకు పంపుతున్నారు.

అలాంటప్పుడు హెలికాప్టర్ల మీద ఖర్చెందుకు, ఆ డబ్బుతో ఆయుధాలే కొనొచ్చుగా అనేవాళ్లున్నారు. ఒప్పుకోను. తనను వెనక్కి తెస్తారన్న నమ్మకం ఉన్న జవానే ముందుకు అడుగేస్తాడు.

ఈ సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2005లో హైదరాబాద్‌లో 108 మొదలయ్యేదాకా, రోడ్డు మీద పడ్డవాణ్ణి ఏ ఆటోలోనో వేసుకుని పరిగెత్తడమే. 108తో వచ్చింది బండి ఒక్కటే కాదు, అందులో శిక్షణ ఉన్న మనిషి, దారిలోనే మొదలయ్యే చికిత్స, ఒకే నంబరుకు పలికే కంట్రోల్ రూమ్. సరిహద్దులోనూ కావాల్సింది ఇదే. రక్తం, సర్జన్ బృందం ముందువరుసకు వీలైనంత దగ్గరగా ఉండాలి. అక్కడిదాకా మోసుకొచ్చే మనుషులు, బండ్లు, రోబోలు ఉండాలి. హెలికాప్టర్ పని అక్కడి నుంచి మొదలవ్వాలి.

వచ్చే చలికాలం లద్దాఖ్‌లో ఒక సైనిక ఎక్సర్‌సైజ్ పెట్టండి. అర్ధరాత్రి, 20 మంది క్షతగాత్రులు, ఉదయం దాకా హెలికాప్టర్ రాదని ముందే చెప్పేయండి. చివరి మనిషి సర్జన్ దగ్గరికి చేరిన టైమ్ రాసి పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు పెట్టండి.