పిల్లికూత ఆగితే తగ్గినట్టు కాదు

పొద్దున మా వీధిలో గృహప్రవేశం. ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది నాకు.

హోమం పొగ ఇల్లంతా కమ్మింది. ఆ ఇంటి చిన్నకోడలు మెట్ల మీద కూర్చుని, చేతులు మోకాళ్లకి ఆనించి ముందుకి వంగిపోయింది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. మెడ కింద గుంట లోపలికి లాక్కుపోతోంది. "అక్కా, నాకు..." అని సగంలో ఆగి మళ్లీ ఊపిరి కోసం వెతుక్కుంటోంది. చుట్టూ పాతికమంది పెద్దలు. "ఉపవాసం కదా, గ్యాస్ పట్టేసింది, సోడా తెప్పించండి" అని ఒకాయన. "కాసేపు పడుకోబెట్టండి" అని ఒకావిడ. ఊపిరాడని మనిషిని వెల్లకిలా పడుకోబెడతారా అండీ!

ఇంతలో ఇంకొకరు, "ఇందాకటి పిల్లికూతలు లేవు, తగ్గిపోయింది" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. కూత రావాలంటే లోపల గాలి ఆడాలి. మనిషి అంత అవస్థ పడుతుండగా కూత ఆగిందంటే గాలి ఆడటమే ఆగిపోతోందని! గోళ్లు చూద్దామంటే గోరింటాకు. పెదవి లోపలివైపు చూస్తే నీలం తిరిగింది. అప్పుడు కూడా ఆటో పిలవమంటున్నారు. 108 మనకి 2005లో వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ నంబరు నోటికి రాదేం? ఫోన్ చేశాను, వచ్చారు, ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లారు. పిల్ల ఇప్పుడు మాట్లాడుతోందట.

గ్యాస్! ఈ మాటే మా పెదనాన్నని మింగేసింది. ఛాతీ మీద బరువు పెట్టినట్టుందన్నాడు, ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు, చెమటకి చొక్కా తడిసిపోయింది. సోడా తాగించి, తెల్లారాక చూద్దామన్నారు. తెల్లారేసరికి మనిషి లేడు. ఆ రాత్రి ఆ ఇంట్లో చదువుకోనివాళ్లు ఒక్కరూ లేరు.

మా అమ్మమ్మ వేలిముద్ర మనిషి. పసిపిల్లకి జలుబు చేస్తే ముందు చొక్కా ఎత్తి డొక్కలు ఎగరేస్తోందా అని చూసేది. ఏడాది నిండిన పిల్ల నిమిషానికి 40 సార్లు, రెండు నెలలు దాటి ఏడాది నిండనిదైతే 50 సార్లు ఊపిరి తీస్తోందంటే ఆగకూడదని ఇవాళ డాక్టర్లు చెప్పేదీ ఆ చూపు గురించే. మనం థర్మామీటర్ పెట్టి జ్వరం లేదుగా అని ఊరుకుంటున్నాం.

అసలు ఆ అమ్మాయి ఇన్‌హేలర్ ఎక్కడుందో తెలుసా? బీరువాలో, చీరల కింద! కోడలికి ఆయాసం ఉందని చుట్టాలకి తెలియకూడదట. పంపు అలవాటైపోతుందట, మాత్రయితే మంచిదట. ఒక్క పీల్పులో ఊపిరి గొట్టాలు తెరిచే మందు, సాల్బుటమాల్, 100 మైక్రోగ్రాములు. మీరు మంచిదనుకునే మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే నలభై పీల్పుల మందు ఒంట్లోకి పోతోంది. గుండె దడ, చేతుల వణుకు వచ్చేది దానివల్లే. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేపమందు మింగొస్తే వీధంతా చెప్పుకుంటారు. ప్రాణం నిలబెట్టే పంపుని మాత్రం దొంగసొత్తులా దాస్తారు.

ఆడపిల్లల తల్లులకి చెప్తున్నాను. పెళ్లిచూపుల రోజు ఆ ఇన్‌హేలర్‌ని తీసుకొచ్చి ముందుగదిలో టీపాయ్ మీద పెట్టండి. అది చూసి లేచిపోయే సంబంధాన్ని లేచిపోనివ్వండి.