జెండాలు అతికించి ప్రపంచ సంగీతం అనకండి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి 'వరల్డ్ మ్యూజిక్' పేరుతో స్కూళ్లలో చేయిస్తున్నది చూస్తుంటే కడుపు మండుతోంది. వారానికో దేశం. ఓ జెండా, ఓ వేషం, స్మార్ట్ బోర్డు మీద అయిదు నిమిషాల వీడియో, ఆఖర్న ఒక చార్టు. నెల తిరిగేసరికి నాలుగు దేశాలు పూర్తయినట్టు రిజిస్టర్లో రాసుకుంటారు. పిల్లల చేతుల్లోకి ఒక్క లయ కూడా రాదు.

నేననేది ఒక్కటే. నాలుగు వారాలకి ఒక్క ఆట చాలు. పిల్లలకి ముందే వచ్చిన మన ఆటనో పాటనో పక్కన పెట్టుకుని దాన్ని నేర్పాలి.

ఘానాలో అకాన్ పిల్లలు పాడుతూ ఆడే రాళ్ల ఆట ఉంది. గుండ్రంగా కూర్చుని ఒక దెబ్బకి రాయి తీసి, రెండో దెబ్బకి కుడిపక్కవాళ్ల ముందు పెట్టడం. నలభై మందిని ఒకే వలయంలో కూర్చోబెట్టారా, కాసేపట్లోనే ఒకరి ముందు అయిదు రాళ్లు పోగుపడతాయి, అవతల ముగ్గురి ముందు ఖాళీ. ఒకరు ఎడమచేత్తో తీస్తారు, ఇంకొకరు పక్కవాళ్ల ఒళ్లోకి విసిరేస్తారు, అందరి చూపూ రాయి మీదే తప్ప చెవి లయ మీద ఉండదు. అందుకే 8–10 మందికి ఒక వలయం. మొదటి రోజు రాయి వద్దు, 'తియ్, పెట్టు' అంటూ ఉత్తి చేతులతోనే. రెండో రోజు పెట్టే చోట సుద్దముక్కతో గుర్తు గీసి, పిడికిట్లో పట్టే బల్లపరుపు రాళ్లు ఇవ్వండి. గుండ్రటివి దొర్లిపోతాయి. వేగం పెరిగేది 'తియ్' దగ్గరే, తరవాతి రాయి అందదేమోనన్న తొందర అది. టీచర్ బెంచీ మీద దెబ్బ ఆపకుండా కొడుతుంటే నెమ్మదిస్తుంది. లయ నిలబడ్డాకే పాట. టీచర్ ఒక ముక్క పాడితే పిల్లలు తిరిగి అనాలి. బతుకమ్మ చుట్టూ ఒకరు అందుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనడం, గొబ్బెమ్మ చుట్టూ 'గొబ్బియళ్లో' అనడం మన పిల్లలకి ఎటూ అలవాటే, కొత్తగా నేర్పక్కర్లేదు.

దయచేసి దాన్ని 'ఆఫ్రికా పాట' అనకండి. అక్కడ 54 దేశాలున్నాయి. మన బతుకమ్మ పాటని ఎవరో 'ఆసియా పూల పాట' అని నేర్పిస్తే మనం ఊరుకుంటామా?

న్యూజీలాండ్ మావోరీల కర్రలాట, తీ రాకౌ, కోలాటం వచ్చిన పిల్లలకి బాగా పట్టుబడుతుంది. మూడు దెబ్బల లెక్క: నేల మీద ఒకటి, రెండు కర్రలూ కలిపి ఒకటి, మూడో దెబ్బకి ఎదుటివాళ్లకి కర్ర అందించడం. కోలాటం కర్రలు మాత్రం వాడొద్దు, విసిరినప్పుడు వేళ్లు చితుకుతాయి. పాత దినపత్రిక ఆరేడు షీట్లు అడుగు పొడవున గట్టిగా చుట్టి, మూడు చోట్ల టేపు వేస్తే సరిపోతుంది. నాలుగు దెబ్బల కోలాటం చేతికి అలవాటైనవాళ్లు అలవాటు చొప్పున నాలుగోది కొట్టేస్తారు. కర్ర పట్టించే ముందు మూడు అక్షరాల 'తకిట' అనిపించండి.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది బల్గేరియా రచెనిత్సా నాట్యం. ఏడు అక్షరాల లయ, 2+2+3. వాళ్లు పొట్టి, పొట్టి, పొడుగు అడుగులుగా వేస్తారు. మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు అనే తాళంలో అదే ఏడు 3+4గా వస్తుంది. 'తకిట తకధిమి' అని నాలుగు ఆవర్తనాలు, అంటే నాలుగు చుట్లు, చెప్పించి, వెంటనే 'తక తక తకిట' అనిపిస్తే, లెక్క మారకుండా విరుపు మారడమంటే ఏమిటో పిల్లలకి ఒంటికే తెలిసిపోతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒక్కటే, ఆఖరి మూడుని నాలుగుగా సాగదీస్తారు. ఏడు కాస్తా ఎనిమిదవుతుంది. మార్చింగ్‌లో, సినిమా పాటల్లో చాలావరకు సరి లెక్కే విని పెరిగిన కాళ్లు కదా. నోటితో అక్షరాలు అంటూనే, ప్రతి అక్షరాల గుంపు మొదట్లో మాత్రం చప్పట్లు కొట్టించండి. నోరు ఆగితే కాళ్లు ఎనిమిదికి పోతాయి. అది కుదిరాకే లేచి నడవడం.

ఎనిమిదో తరగతి అబ్బాయిల సంగతి ఎవరూ పట్టించుకోరు. గొంతు మారే ఈడు. పై స్థాయి అందదు, కింది స్థాయి ఇంకా కుదరదు, పక్కవాళ్లు నవ్వుతారని నోరు విప్పరు. 'నీకు సంగీతం రాదు' అని ఆ వయసులో అనేయడం ఘోరం. వాళ్లకి బాలి ద్వీపంలో గుంపుగా గొంతుతోనే లయ పలికే కెచక్ ఇవ్వండి. 1930ల్లో ఇప్పటి రూపం తీసుకున్న ఈ ప్రదర్శనలో నడిచేది రామాయణమే, 'చక్ చక్' అనేది వానరసేన. స్వరస్థానంతో పనిలేదు. క్లాసులో తేలిక పద్ధతి: ఎనిమిది అక్షరాలు, 'తకిట తకిట తక'. మొదటి గుంపు 1, 4, 7 మీద, రెండోది 2, 5, 8 మీద, మూడోది 3, 6, 1 మీద 'చక్' అనాలి. సరిగ్గా పడితే ఎక్కడా ఖాళీ ఉండదు. మూడు గుంపుల్నీ ఒకేసారి మొదలుపెడితే అందరూ ఒకటి మీదే పడతారు. ఒక్కో గుంపునీ ఒక్కో మూల నిలబెట్టి, ముందు గుంపు నాలుగు ఆవర్తనాలు స్థిరపడ్డాకే తరవాతిదాన్ని కలపండి. గొంతు తగ్గించి చేయించండి. అరుస్తుంటే పక్క గుంపు వినపడదు, వినపడకపోతే లయ జారుతుంది.

మార్కులు వేయాల్సి వస్తే రాతపరీక్ష పెట్టొద్దు. చెదరకుండా నాలుగు ఆవర్తనాలు నిలబెట్టాడా లేదా, అంతే చూడండి.

హెడ్మాస్టర్లకి ఒక మాట. రెండు సంగీతం పీరియడ్లనీ శుక్రవారం మధ్యాహ్నం పక్కపక్కనే వేయకండి. సోమవారం ఒకటి, గురువారం ఒకటి వేయండి. మధ్యలో రెండు రోజులు పిల్లలు విరామంలో వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారు, ఆట సగం అక్కడే కుదురుతుంది. బెంచీలు జరపగలిగే గది ఇవ్వండి. ఆగస్టు 15 రిహార్సల్ ఈ పీరియడ్‌ని కాకుండా వేరే సమయం చూసుకోవాలి.