విలియం సైడిస్‌ను దెబ్బతీసింది కాలేజీ కాదు

విలియం జేమ్స్ సైడిస్ అనే అమెరికన్ బాల మేధావి కథ కొన్నేళ్లుగా తెలుగులో కూడా చేతులు మారుతోంది. అతని ఐక్యూ 250 నుంచి 300 మధ్య ఉండేదని, 40 భాషలు వచ్చునని, 11 ఏళ్లకే హార్వర్డ్‌లో చేరాడని, ఆ తొందరే అతని మెదడును కాల్చేసిందని, చివరికి ఎందుకూ కొరగాని గుమాస్తాగా మిగిలి చనిపోయాడని ఆ కథ చెబుతుంది. కథ చివర ఒక తీర్పు కూడా ఉంటుంది: వయసుకు ముందే కాలేజీకి పంపిన పిల్లలందరి గతీ ఇంతే. ఇందులో హార్వర్డ్‌లో చేరిన వయసు నిజం. మిగిలినవాటిలో కొన్నిటికి ఆధారం లేదు, కొన్ని సగం నిజాలు, ఆఖరి తీర్పు మాత్రం తప్పు. చురుకైన పిల్లలున్న తల్లిదండ్రులు ఇలాంటి కథలు చదివి భయపడుతున్నారు కనుక దీన్ని మాటకు మాటగా పరిశీలించవలసి వస్తోంది.

ముందుగా ఐక్యూ సంగతి చూద్దాం. సైడిస్ హార్వర్డ్‌లో చేరిన 1909 నాటికి ఐక్యూ అనే అంకె పుట్టనే లేదు. మానసిక వయసును అసలు వయసుతో భాగించి వచ్చిన భాగఫలంతో తెలివిని సూచించాలన్న ఆలోచనను జర్మన్ మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ 1912లో ముందుకు తెచ్చాడు. అమెరికాలో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన స్టాన్‌ఫర్డ్-బినే పరీక్ష 1916లో వచ్చింది. అప్పటికి సైడిస్‌కు 18 ఏళ్లు. ఇప్పుడు అందరూ చెప్పే అంకె, అతను పోయిన రెండేళ్లకు, 1946లో ఏబ్రహాం స్పెర్లింగ్ సామాన్య పాఠకుల కోసం రాసిన మనస్తత్వశాస్త్ర పుస్తకం నుంచి వచ్చింది. అందులో ఆయన చూపిన ఆధారం సైడిస్ చెల్లెలు హెలెనా నోటిమాట. పరీక్ష ఎప్పుడు జరిగిందో తెలిపే పత్రం గానీ, పరీక్షించిన వ్యక్తి రాసిన నివేదిక గానీ బయటికి రాలేదు. పైగా నేటి పరీక్షలలో సగటు 100, ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15. 160 దాటాక పోల్చి చూడడానికి చాలినంతమంది మనుషులే దొరకరు కనుక ఆ కొలబద్ద మీద 300 అన్నదానికి అర్థమే లేదు.

40 భాషల మాట కూడా కుటుంబం నుంచి వచ్చిందే. చిన్నతనంలోనే లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, జర్మన్, రష్యన్, హీబ్రూ నేర్చుకోవడం, సొంతంగా ఒక భాషను కల్పించుకోవడం ఏ పిల్లవాడికైనా అసాధారణమే. దాన్ని పెంచి చెప్పవలసిన అవసరం లేదు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం మరొకటి ఉంది. 1910 జనవరిలో అతను హార్వర్డ్ గణిత సంఘం ముందు నాలుగు పరిమాణాల ఆకృతుల మీద, అంటే పొడవు, వెడల్పు, ఎత్తులకు తోడు మరో పరిమాణం కూడా ఉన్నట్టు ఊహించుకునే ఆకృతుల మీద, ప్రసంగించాడు. ఆ సభలో ఉన్న నార్బర్ట్ వీనర్, తర్వాతి కాలంలో తానే గొప్ప గణితవేత్తగా పేరు పొందాక, ఏ వయసు పరిశోధక విద్యార్థి చేసినా మెచ్చుకోదగ్గ ప్రసంగమది అని రాశాడు. సైడిస్ ప్రతిభకు ఈ ఒక్క మాట చాలు.

ఇక కథకు గుండెకాయ వంటి వాదానికి వస్తాను. తొందరపడి కాలేజీలో చేరడం వల్లనే అతను కూలిపోయాడంటారు. అయితే జరిగినవాటిని వరసగా పెట్టి చూస్తే కాలేజీ చదువు నిలకడగానే సాగినట్టు కనిపిస్తుంది. 9 ఏళ్లప్పుడు మరీ పసివాడని హార్వర్డ్ అతన్ని తిప్పి పంపింది. 11 ఏళ్లకు చేర్చుకుంది. 1914లో, 16 ఏళ్లకు, అతను గౌరవ శ్రేణిలో పట్టా పుచ్చుకున్నాడు. చెడిన పనులన్నీ ఆ తర్వాతివే. హ్యూస్టన్‌లోని రైస్ సంస్థలో తనకన్నా పెద్దవాళ్లైన విద్యార్థులకు గణితం చెప్పే ఉద్యోగం ఏడాది కూడా నిలవలేదు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం 1916లో మొదలుపెట్టి పట్టా రాకుండానే వదిలేశాడు. సామ్యవాది, యుద్ధ వ్యతిరేకి అయిన ఇతను 1919 మే డే నాడు బోస్టన్‌లోని రాక్స్‌బరీ ఊరేగింపులో అరెస్టయ్యాడు, 18 నెలల శిక్ష పడింది. తల్లిదండ్రులు అధికారులతో మాట్లాడి జైలు తప్పించారు గానీ, అందుకు బదులుగా అతన్ని న్యూ హాంప్‌షైర్‌లో తాము నడిపే శానటోరియం అనే మానసిక చికిత్సాలయంలోనూ, తర్వాత కాలిఫోర్నియాలోనూ తమ అదుపులో ఉంచుకున్నారు. అతను దాన్ని అపహరణగానే భావించాడు, ఆ తర్వాత వాళ్లకు దూరంగా బతికాడు. ఇందులో తరగతి గది చేసిన హాని ఏదో కథ చెప్పేవారు చూపించాలి.

అతని బాల్యంలో నిజంగా అసహజమైనది మరొకటి ఉంది. తండ్రి బోరిస్ సైడిస్ పేరున్న మనస్తత్వవేత్త, ప్రఖ్యాత అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ శిష్యుడు. కొడుక్కి ఆ గురువు పేరే పెట్టుకున్నాడు. పిల్లలకు ఊహ తెలిసిన వెంటనే చదువు మొదలుపెడితే ఎవరైనా మేధావులవుతారని నమ్మాడు, 1911లో అచ్చువేసిన పుస్తకంలో కొడుకు చదువునే తన పద్ధతికి రుజువుగా నిలబెట్టాడు. పత్రికలు ఆ పిల్లవాణ్ణి వదిలిపెట్టలేదు. హార్వర్డ్ పట్టా చేతికి వచ్చిన రోజుల్లోనే తనకు జనసమూహాలంటే గిట్టదని, ఏకాంతంలో బతకాలని ఉందని అతను విలేఖరులకు చెప్పాడు. ఆ కోరికను కూడా వాళ్లు వార్తగా వేశారు. చదువు చెప్పడం వేరు, చదువుతున్న పిల్లవాణ్ణి ప్రదర్శనకు పెట్టడం వేరు. నా అభిప్రాయంలో సైడిస్ కథంతా ఈ తేడాలోనే ఉంది.

ఈ తేడాను చూపించే మరో పిల్లవాడు పక్క ఊళ్లోనే ఉన్నాడు. ఆ రోజు గణిత సంఘం సభలో కూర్చున్న నార్బర్ట్ వీనర్, సైడిస్ కన్నా 3 ఏళ్ల ముందు, 1906లో, సరిగ్గా అదే 11 ఏళ్ల వయసులో కాలేజీలో చేరాడు. తండ్రి లియో వీనర్ హార్వర్డ్‌లోనే స్లావిక్ భాషల ఆచార్యుడు. అయినా అక్కడి ప్రవేశ పరీక్షల ఒత్తిడీ, హార్వర్డ్ బాల మేధావి అంటూ పత్రికలు చేసే హడావుడీ వద్దనుకుని కొడుకును మెడ్‌ఫర్డ్‌లోని టఫ్ట్స్ కాలేజీకి పంపాడు. నార్బర్ట్ ఇంటి పట్టునే ఉండి చదివాడు, 1909లో పట్టా పొందాడు, 18 ఏళ్లకు హార్వర్డ్‌లో డాక్టరేట్ పూర్తి చేశాడు, 1919 నుంచి ఎంఐటీలో పనిచేశాడు, 1948లో యంత్రాలలో, జీవులలో నియంత్రణ ఎలా సాగుతుందో పరిశీలించే సైబర్నెటిక్స్ అనే శాస్త్రానికి పేరూ రూపూ ఇచ్చాడు. అయితే అతనికీ గాయాలున్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. లెక్క తప్పితే తండ్రి విరుచుకుపడేవాడు. కొడుకు మామూలు పిల్లవాడేనని, ఘనత తన శిక్షణదని ఆయన బాహాటంగా అన్నప్పుడు, ఓడితే తప్పు తనది, గెలిస్తే గొప్ప నాన్నది అన్నట్టు అనిపించిందని వీనర్ పెద్దయ్యాక రాసుకున్నాడు. ఆ గాయం కూడా కాలేజీ నుంచి వచ్చింది కాదు.

అదే కాలంలో 14 ఏళ్లకు హార్వర్డ్‌లో చేరిన అడాల్ఫ్ బర్లీ న్యాయవేత్తగా ఎదిగి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సలహాదారుల్లో ఒకడయ్యాడు. అదే వయసులో చేరిన రోజర్ సెషన్స్ స్వరకర్తగా 1982లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. అందరి గతీ ఇంతే అన్న తీర్పు అదే కాలేజీలో, అదే తరంలో వీగిపోయింది.

నలుగురి కథలతో సాధారణ సూత్రం తేలదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. సైడిస్ ఒక్కడి కథతో కూడా తేలదు. అందుకే ఎక్కువమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు చూడాలి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ 1971లో గణిత ప్రతిభ గల పిల్లల అధ్యయనం మొదలుపెట్టాడు. అందులోని వారిని సుమారు 50 ఏళ్ల వయసు దాకా గమనించి చూస్తే, తరగతులు దాటి ముందుకు వెళ్లినవారి మానసిక క్షేమం దానివల్ల దెబ్బతిన్న జాడ కనిపించలేదు. వీరిలో ఎక్కువమంది ఏడాదో రెండేళ్లో ముందుకు జరిగినవారే తప్ప 11 ఏళ్లకు పట్టా చదువులో చేరినవారు కారన్నది కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో మిరాకా గ్రాస్ ఇంకా అరుదైన ప్రతిభ గల పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించింది. మూడు తరగతులు, అంతకు మించి ముందుకు వెళ్లినవారు చాలావరకు స్నేహితులతో సంతోషంగా ఉన్నారని, తోటి వయసువారితోనే కట్టిపడేసిన పిల్లలలోనే ఒంటరితనం ఎక్కువగా కనిపించిందని ఆమె తేల్చింది.

టెరెన్స్ టావో పెరిగిన తీరు నాకు అన్నిటికన్నా విలువైన ఉదాహరణగా తోస్తుంది. 1975లో అడిలైడ్‌లో పుట్టిన అతను 9 ఏళ్లకు ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో గణితం తరగతులకు వెళ్లాడు. మిగతా విషయాలు మాత్రం ఎంతవరకు వస్తే అంతవరకు, పాఠశాలలోనే, వేర్వేరు తరగతుల పిల్లలతో కలిసి చదివాడు. ఒక విషయంలో పరుగెత్తే పిల్లవాణ్ణి అన్నిట్లోనూ పరుగెత్తించనక్కరలేదని ఆ తల్లిదండ్రులు గ్రహించారు. అతను గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకాన్ని 2006లో అందుకున్నాడు. ఢిల్లీలో పుట్టి పెర్త్‌లో పెరిగి 13 ఏళ్లకు విశ్వవిద్యాలయంలో చేరిన అక్షయ్ వెంకటేశ్‌కు అదే పతకం 2018లో దక్కింది. మన దగ్గర 6వ తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పిల్లల మీద మోపే బరువును దీనితో కలిపి చూడకూడదు. అది పిల్లవాడి వేగాన్ని బట్టి నడిచే చదువు కాదు, ఒకే పాఠాన్ని అందరి నెత్తినా రుద్దడం.

మిగిలింది అతను ఎందుకూ కొరగాకుండా పోయాడన్న మాట. లెక్కల యంత్రాల మీద పనిచేసే చిన్న ఉద్యోగాలను సైడిస్ కావాలనే ఎంచుకున్నాడు, ఫలానా సైడిస్ నువ్వే కదా అని ఎవరైనా గుర్తుపడితే ఉద్యోగం మానేసేవాడు. 1925లో విశ్వం గురించీ, వేడి తనంతట తాను వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే పారుతుందనే ఉష్ణగతిక శాస్త్ర రెండో సూత్రం గురించీ ఒక పుస్తకం ప్రచురించాడు. కృష్ణబిలాలను ముందే ఊహించాడంటూ దాన్ని ఆకాశానికెత్తడమూ అతిశయోక్తే. 1926లో మారుపేరుతో ట్రాము టికెట్ల సేకరణ మీద పుస్తకం అచ్చువేశాడు, అమెరికా ఆదివాసుల చరిత్ర రాశాడు. 1944 జూలైలో 46 ఏళ్లకు మెదడులో రక్తస్రావంతో పోయాడు. తండ్రి కూడా 1923లో అదే కారణంతో పోయాడు కనుక చదువు మెదడును కాల్చేసిందనడానికి ఆ మరణం సాక్ష్యం కాదు.

1937లో ఒక ప్రసిద్ధ వారపత్రిక అతని ఇరుకు గదినీ, మాట తీరునూ, అలవాట్లనూ బయటపెడుతూ వ్యాసం వేసినప్పుడు అతను కోర్టుకు వెళ్లాడు. 1940లో అప్పీలు కోర్టు ఆ వ్యాసం నిర్దయగా ఉందని ఒప్పుకుంటూనే, ఒకప్పుడు ప్రజలకు తెలిసిన మనిషి ఏమయ్యాడో తెలుసుకోవడంలో ప్రజలకు ఆసక్తి ఉంటుందంటూ అతని గోప్యత వాదాన్ని తోసిపుచ్చింది. అతను ఎప్పటి నుంచి ప్రజలకు తెలిసిన మనిషో చెప్పడానికి ఆ తీర్పు 1910 నాటి నాలుగు పరిమాణాల ప్రసంగాన్ని గుర్తుచేసింది. ఆ ప్రసంగం నాటికి అతనికి 11 ఏళ్లు.