దాతను మరవనివ్వకండి

ఇచ్చినదాన్ని చెప్పుకోరాదని, గుప్తదానమే గొప్పదని నేర్పిన మన పెద్దలు స్వచ్ఛంద సంస్థల ప్రచార విభాగాలకు ఎంత అన్యాయం చేశారో ఇప్పటికీ ఎవరూ లెక్క కట్టలేదు. దాత మరచిపోతే సంస్థ గతేం కావాలి? అందుకే, పిల్లల ఒక పూట భోజనానికి ఐదు వందల రూపాయలు పంపిన మనిషి ఆ సంగతి మరచినా, ఆయన ఫోన్ నంబరును సంస్థ మాత్రం ఎన్నటికీ మరవరాదన్న సిద్ధాంతం పుట్టింది. దానికి నా సంపూర్ణ మద్దతు.

పాత పద్ధతి ఎంత మొరటుగా ఉండేదో గుర్తు చేసుకుంటే ఈ ప్రగతి విలువ తెలుస్తుంది. గుడిలో శాశ్వత అన్నదానానికి కొంత మొత్తం కట్టి, తండ్రి తిథినో తమ పెళ్లిరోజునో రాయించుకున్నవారికి, కొన్ని దేవస్థానాల నుంచి ఆ రోజు దగ్గరపడగానే ఒక కార్డు ముక్క వచ్చేది. ఫలానా తేదీన మీ పేరున అన్నదానం జరుగుతుంది, వీలుంటే వచ్చి ప్రసాదం స్వీకరించండి అని అందులో ఉండేది. అంతే. డబ్బు ఎటు పోతోందో చెప్పేవారు గాని, మళ్లీ పంపమన్న మాట ఎత్తేవారు కారు. ఇంత చేతకాని ఉత్తరాన్ని భద్రంగా దాచుకుని పిల్లలకు చూపించిన అమాయకులు కూడా ఉన్నారు.

నేటి సంస్థ ఆ పొరపాటు చేయదు. సంక్రాంతికి, ఉగాదికి, దాత పుట్టినరోజుకు, చివరికి పర్యావరణ దినోత్సవానికి కూడా శుభాకాంక్షలు పంపుతుంది. వాటిలో అధ్యక్షులవారి ఫోటో నిండుగానూ, పిల్లల ఫోటో ఓ మూలనూ ఉంటాయి. మార్చి వచ్చేసరికి ఆప్యాయత పొంగిపొరలి, 31వ తేదీ రాత్రి దాకా విరాళంపై వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపును గుర్తు చేస్తూనే ఉంటుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు వర్తించదన్న చిన్న విషయం చెప్పి ఎవరి మనసూ కష్టపెట్టదు. ఇక 2021-22 ఆర్థిక సంవత్సరపు విరాళాలతో మొదలుపెట్టి, ఏడాది ముగిశాక మే 31లోగా దాతకు విరాళ ధ్రువపత్రం ఇవ్వాలన్న నియమం వచ్చింది గనుక, ఆ పత్రం కోసం మాత్రం దాతే పదేపదే ఫోన్ చేయవలసి వస్తుంది. అనుబంధం ఇరువైపులా నిలవాలంటే ఆ మాత్రం అవకాశం ఆయనకూ ఇవ్వాలి కదా.

అయినా ఒక ప్రమాదం పొంచి ఉంది. ఎవరో ఒక దాత, 'మా డబ్బుతో వేసిన బోరులో నీళ్లు పడ్డాయా?' అని అడుగుతాడు. 'మీ విలువైన స్పందనకు కృతజ్ఞతలు' అని బదులిచ్చి, కింద క్యూఆర్ కోడ్ జతచేయడం శాస్త్రసమ్మతం. శాస్త్రం తెలియని చిన్న సంస్థలు కొన్ని, మొదటి బోరు ఎండిపోయిందనీ, చెరువు దిగువన రెండోది వేస్తే నీరు పడిందనీ, మోటారుకు డబ్బు చాలలేదనీ ఉన్నదున్నట్టు నాలుగు వాక్యాలు రాసేస్తాయి. అప్పుడు ఆ దాత ఎవరూ అడగకుండానే మోటారు ఖరీదు పంపి, వీలు చూసుకుని ఆ ఊరికి వెళ్లి నీళ్లు తాగి వస్తాడు. ఇలాంటివారు పెరిగిపోతే, శుభాకాంక్షలు తయారుచేసే ఉద్యోగుల బతుకు ఏం కావాలో ప్రభుత్వం ఇప్పుడే ఆలోచించాలి.