ముల్లును నమ్మాలా, పుల్లనా?

అల్లుడు టెక్సస్‌లో తన చేత్తో కట్టుకున్న రెండు సీట్ల విమానంలో ఎడమ పెట్రోలు ట్యాంకు గేజ్ ముల్లు తప్పు చూపిస్తోంది. సెలవుకి తిరుపతి వచ్చినా అదే ధ్యాస. మామ రేణిగుంట రోడ్డులో 30 ఏళ్లు లారీ మెకానిక్. రాత్రి మిద్దె మీద మొదలైంది ఈ వాదన.

మామ: దానికోసం ట్యాంకంతా వంచి రెండు ఆదివారాలు పాడుచేసుకుంటావా? మద్రాసుకి పోయే లారీల్లో ముల్లు సరిగ్గా తిరిగేది నేను చూసిందే తక్కువ. పుల్ల దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసుకొని బయల్దేరేవాళ్లు.

అల్లుడు: నేనూ పుల్ల దించకుండా ఎగరను మామా. పైకి పోయినాక ఎవరు దించుతారు? లారీ ఆగితే క్యాన్ పట్టుకొని బంకుకి పోవచ్చు.

మామ: ఫ్లో మీటర్ ఉందన్నావుగా.

అల్లుడు: అది ఇంజన్‌కి పోయేదే లెక్కపెడుతుంది. మూత సరిగ్గా పడక రెక్క మీదుగా కారిపోతే దానికేం తెలుసు, అది ముల్లే చెప్పాలి. 1983లో ఎయిర్ కెనడా వాళ్ల బోయింగ్ 767 విమానంలో గేజ్‌లు పనిచెయ్యలేదు, పుల్లతో కొలిచినట్టే ట్యాంకులు కొలిచారు, తీరా లీటర్లను కిలోల్లోకి మార్చేచోట పౌండ్ల లెక్క వాడేసరికి దారి మధ్యలో, 41,000 అడుగుల మీద, ఇంజన్లు ఆగిపోవడం మొదలైంది. కెనడాలోనే గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీద గ్లైడర్‌లా దించారు కాబట్టి అందరూ బతికారు.

మామ: సరే, ముందు గేజ్ ఎర్త్ వైరు బాడీకి తగిలేచోట గీకి చూడు. తుప్పు పట్టిన ఎర్త్‌తో ముల్లు ఎన్ని అబద్ధాలు చెప్తుందో నాకు తెలుసు.

అల్లుడు: ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోటుని బట్టి కరెంటుకి అడ్డం, అంటే రెసిస్టెన్స్, మారి ముల్లు తిరుగుతుంది. నాదాంట్లో ఖాళీ అంటే 240 ఓములు, నిండితే 33. ఎర్త్ చెడితే ఓములు పెరిగి ముల్లు కిందికి పడాలి కదా, నాది పైకి లేస్తోంది. పైన పావు ట్యాంకు చూపించింది, దిగి వంచితే మూడు లీటర్లు! తోకచక్రం నేల మీద ఉండగానే సున్నా సెట్ చేశా, అదీ తప్పు. అప్పుడు తోక కిందికుండి పెట్రోలు వెనక్కి పోతుంది, ఫ్లోటేమో ట్యాంకు ముందువైపు. ఎగిరేటప్పుడు అదే పెట్రోలు ముందుకొచ్చి ఫ్లోటుని లేపుతుంది.

మామ: తోకని స్టూలు మీదికెత్తి రసమట్టం పెట్టు మరి.

అల్లుడు: అదే చేస్తా. ఇంజన్‌కి అందని అడుగు పెట్రోలు పోసి అక్కడ సున్నా, తర్వాత అయిదేసి లీటర్లకి ఒక గుర్తు. రెక్కలు పైకి వాలి ఉంటాయి కాబట్టి నిండకముందే ఫ్లోటు కప్పుకి తగులుతుంది, ఆ పైన ఎంత పోసినా ముల్లు కదలదు.

మామ: చూశావా, అక్కడ అబద్ధమేగా!

అల్లుడు: నిండుగా ఉన్నప్పుడు పుల్ల ఉంది మామా. నాకు నిజం కావాల్సింది అడుగున.

మామ: అయినా ఎర్త్ గీకు. రెండు ట్యాంకులకీ.