గోల్డ్ కోస్ట్‌లో వడియాల కాలం

ఆస్ట్రేలియాలో డిసెంబరంటే నడివేసవి అని తెలియగానే తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారికి చేతులు ఊరుకోలేదు. "ఎండాకాలం కదే, నాలుగు వడియాలు పెట్టుకుందాం" అని మా ఆవిడతో అనడం, బియ్యప్పిండి జావ కాగడం, నా మధుపర్కాల పంచె తడిసి బాల్కనీలో పరుచుకోవడం ఒక్క పొద్దుటే జరిగిపోయాయి.

మేముండేది గోల్డ్ కోస్ట్‌లోని సర్ఫర్స్ ప్యారడైజ్ అనే పేటలో. సముద్రం తూర్పున. ఎండ పొద్దున దర్జాగా వచ్చి, మధ్యాహ్నం దాటగానే మా మేడ వెనక్కి పోతుంది. మా బాల్కనీ ఒక్కటే కాదు, బీచిలో ఇసక మీదా మేడల నీడలే. 322 మీటర్ల క్యూ1 అనే ఆకాశహర్మ్యం నిలబడి ఉన్నదీ ఇక్కడే మరి. "ఇంత ఖర్చుపెట్టి కట్టినవాళ్లు నీడ ఎక్కడ పడుతుందో చూసుకోవద్దూ?" అన్నారు అత్తగారు. సబబైన ప్రశ్నే.

పైగా ఆ వేడి ఆవిడకి ఆనలేదు. మామూలుగా 28, 29 డిగ్రీలు. "ఇదీ ఒక ఎండేనా" అనేశారు. ఆ మాట నమ్మి టోపీ లేకుండా నడకకెళ్లిన మామగారి బట్టతల సాయంత్రానికి ఎర్రగోంగూర కాడ రంగుకి తిరిగింది. ఇక్కడ వేడి తక్కువే గానీ, వేసవి మధ్యాహ్నాల్లో చర్మాన్ని మాడ్చే అతినీలలోహిత కిరణాల సూచిక 11 దాటుతుంది, అంటే అతి తీవ్రం.

మర్నాడు సగమెండిన వడియాలతో ఆవిడ కిందకి దిగి, ఈతకొలను పక్కన పడక్కుర్చీలు రెండు దగ్గరికి జరిపి పంచె పరిచారు. చెత్తబుట్టలు కెలికే తెల్ల ఐబిస్ పక్షులు రాకుండా మామగారికి గొడుగిచ్చి కాపలా పెట్టారు. ఎదురుగా నీలాల సముద్రం, మబ్బుతునక లేని ఆకాశం. మన కోస్తాలో వాయుగుండం సముద్రం మీంచే వస్తుంది కాబట్టి దంపతులిద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు. ఇక్కడి వేసవి గాలివాన పడమటి కొండల మీంచి, మేడల వెనకనుంచి వస్తుంది. మూడింటికి వచ్చింది. పంచె లేచి కొలనులో పడింది. గొడుగు దాని వెంటే వెళ్లింది. నీళ్లలోంచి బయటికొస్తున్న ఓ పిల్లాడు తేలుతున్న వడియాన్ని నోట్లో వేసుకున్నాడు. అత్తగారు మా ఆవిడని పొడిచి, "ఉప్పు సరిపోయిందో లేదో అడగవే" అన్నారు.

తెల్లారేసరికి లిఫ్టులో నోటీసు: ఏదో తెల్లని పదార్థం కనబడినందున ఈతకొలను మూసివేయడమైనది.

అసలు సంగతేమిటంటే, ఈ ఊళ్లో వేసవే వానాకాలం. వెచ్చటి సముద్రపు గాలి తేమ మోసుకొస్తుంది. ఏడాది వర్షంలో పెద్ద వాటా డిసెంబరు, మార్చి మధ్యే పడిపోతుంది. పొడిగాలి, తేటాకాశం కావాలంటే జులై, ఆగస్టు దాకా ఆగాలి. అప్పుడు పగలు 21 డిగ్రీలు, రాత్రి 12కి అటూ ఇటూ. అదీ ఒక చలేనా అని నవ్వకండి. హీటర్లు లేని ఇళ్లలో స్వెటర్లేసుకుని అన్నం తింటాం. మెల్‌బోర్న్ నుంచి సెలవులకొచ్చినవాళ్లు మాత్రం సముద్రంలో మునకలేస్తుంటారు.

ఆ జులైలో అత్తగారు తెనాలి నుంచి వీడియో కాల్‌లో కొలతలు చెబుతుంటే, స్వెటర్ చేతులు పైకి మడిచి నేనే వడియాలు పెట్టాను. గలగలలాడుతూ ఎండాయి. అటు తెనాలిలో ముసురు. ఆవిడ ఫోన్‌లో వాటిని కాసేపు పరకాయించి చూసి, మా ఆవిడతో అన్నారు: "ఇక్కడ వాన వదలట్లేదే. అల్లుడుగార్ని ఇంకో నాలుగు శేర్లు పెట్టి కొరియర్ చెయ్యమని అడగవే."